అడిగేది అమెరికాని, ఇచ్చేది హైదరాబాదు



నేను ఇప్పుడు చెబుతున్న మాటల్ని వంద మంది వింటున్నా, పది లక్షల మంది వింటున్నా రేడియో ట్రాన్స్‌మిటర్‌కి తేడా తెలియదు. తరంగం ఒకటే. సెట్టు పెట్టుకున్న వాళ్లందరికీ అదే అందుతుంది. ఇంటర్నెట్ అలా కాదు. అక్కడ ఒక్కొక్కరికీ విడివిడిగా కాపీ పంపాలి. ఒక ఫొటోని లక్ష మంది చూస్తే లక్ష సార్లు పంపాలి. కోటి మంది చూస్తే కోటి సార్లు. ఒక్క చోట ఉన్న కంప్యూటరు, అది ఎంత పెద్దదైనా, ఆ పని మొయ్యలేదు.

అయినా పని జరుగుతోంది. ఎలా జరుగుతోందన్నదే ఇవాళ్టి సంగతి. ఈ ఏర్పాటుని కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్ అంటారు. పొట్టిగా సీడీఎన్. పేరు గుర్తుండకపోయినా నష్టం లేదు. రెండు ప్రశ్నలు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒకటి, మీరు అడిగింది అందరికీ ఒకటేనా? రెండు, దాని గడువు ఇంకా ఉందా? ఈ పావుగంటలో మళ్లీ మళ్లీ ఈ రెండు ప్రశ్నల దగ్గరికే వస్తాం.

మీ వీధి చివర మెడికల్ షాపు ఉంటుంది. జ్వరం బిళ్ల తయారయ్యేది ఎక్కడో ఫ్యాక్టరీలో. మీకు జ్వరమొస్తే మీరు ఫ్యాక్టరీకి వెళ్లరు. షాపుకి వెళ్తారు. బిళ్ల అరలో ఉంటుంది, తీసి ఇస్తాడు. అరలో లేకపోతే? "సాయంత్రానికి తెప్పిస్తానండీ" అంటాడు. టౌన్లో ఉన్న స్టాకిస్టుకి ఫోన్ కొడతాడు. ఆయన దగ్గరా లేకపోతే ఆయన కంపెనీకి ఆర్డరు పెడతాడు. తెప్పించినప్పుడు మీకు కావలసిన పది బిళ్లలే తెప్పించడు. పెట్టె తెప్పించి అరలో పెట్టుకుంటాడు. రేపు ఇంకొకరు అడుగుతారని ఆయనకు తెలుసు.

సీడీఎన్ చేసే పని ఇదే. ఫ్యాక్టరీ అంటే వెబ్‌సైటు వాళ్ల అసలు సర్వర్. అది అమెరికాలో ఉండొచ్చు, ముంబయిలో ఉండొచ్చు. మెడికల్ షాపు అంటే మనకు దగ్గరి నగరంలో పెట్టిన కంప్యూటర్ల గుంపు. దాన్ని ఎడ్జ్ సర్వర్ అంటారు. మధ్యలో స్టాకిస్టు లాంటి పెద్ద సర్వర్లు కొన్ని ఉంటాయి. మీ ఫోను అడిగిన ప్రతిదీ ముందు షాపుకే వెళ్తుంది. అక్కడ దొరికితే కథ అక్కడితో సరి. ఫ్యాక్టరీకి కబురు కూడా అందదు.

దగ్గర, దగ్గర అంటున్నాను. వెలుగు వేగంతో పోయే కబురుకి దగ్గరేమిటి, దూరమేమిటి అని మీరు అడగొచ్చు. లెక్క వేద్దాం. గాజు తీగలో, అంటే ఫైబర్‌లో, వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి అమెరికా తూర్పు తీరానికి తిన్నగా కొలిచినా దాదాపు 13 వేల కిలోమీటర్లు. పోను 13 వేలు, రాను 13 వేలు. కబురు వెళ్లి జవాబు రావడానికి 130 మిల్లీసెకన్లు. అదీ తీగ తిన్నగా ఉంటే. తీగలు తిన్నగా ఉండవు. సముద్రాల అడుగున చుట్టు తిరిగి వెళ్తాయి. మధ్యలో మజిలీలు. కాబట్టి నిజంగా పట్టేది 200 మిల్లీసెకన్ల పైమాటే. సెకనులో అయిదో వంతు.

అయిదో వంతు సెకను ఓ లెక్కా? ఒక్కసారైతే లెక్క కాదు. కానీ ఒక పేజీ తెరవడానికి ఒక్క రాకపోక చాలదు. ముందు మీ ఫోను "ఉన్నారా?" అని పలకరించాలి. "ఉన్నాం" అని జవాబు రావాలి. అదొక రాకపోక. తర్వాత ఇద్దరూ రహస్యపు తాళాలు మార్చుకోవాలి, దారిలో ఇంకెవరూ చదవకుండా. అది రెండో రాకపోక. పాత పద్ధతిలో ఈ తాళాలకే రెండు రాకపోకలయ్యేవి. 2018లో ఖాయమైన టీఎల్ఎస్ 1.3 దాన్ని ఒకటికి తగ్గించింది. ఇదంతా అయ్యాక గాని "ఈ పేజీ ఇవ్వండి" అని అడగడం కుదరదు. అది మూడోది. అప్పటికి మొదటి అక్షరం మీ ఫోనుకి చేరుతుంది. అందులో ఏముంటుంది? ఇంకో చిట్టా. ఈ ఫొటోలు కావాలి, ఈ ఫాంటు కావాలి, ఈ ప్రోగ్రాము కావాలి అని. మళ్లీ అడగాలి. అయిదో వంతు, అయిదో వంతు పోగుపడి రెండు మూడు సెకన్లవుతాయి. అంతసేపు తెల్ల తెర చూస్తూ కూర్చునే ఓపిక మనలో ఎంతమందికి ఉంది?

అదే హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్న కాపీని అడిగితే ఆ దూరానికి పట్టేది పదో ఇరవయ్యో మిల్లీసెకన్లు. మీ ఫోనుకీ టవరుకీ మధ్య పట్టే సమయం ఎలాగూ తప్పదనుకోండి. వెలుగు వేగాన్ని పెంచడం ఎవరి వల్లా కాదు. దూరాన్ని తగ్గించడం ఒక్కటే మన చేతిలో ఉంది.

ఇప్పుడు ఒక అభ్యర్థన వెంట మనమూ వెళ్దాం. తణుకులో ఒకమ్మాయి తన ఫోనులో ఒక అమెరికా వార్తా వెబ్‌సైటు తెరిచిందనుకుందాం. ఆ సైటు పేరు మనుషుల కోసం. యంత్రాలకు అంకెల చిరునామా కావాలి. పేరు చెబితే అంకె చెప్పే ఏర్పాటుని డీఎన్ఎస్ అంటారు. ఫోను ముందు దాన్ని అడుగుతుంది. అసలు మలుపు ఇక్కడే ఉంది. ఆ వార్తా సంస్థ తన పేరుకి ఎదురుగా తన సొంత చిరునామా రాసుకోదు. మా తరఫున ఫలానా సీడీఎన్ వాళ్లని అడగండి అని రాసిపెడుతుంది. అప్పుడు ప్రశ్న సీడీఎన్ దగ్గరికి వెళ్తుంది. అది చూస్తుంది. అడుగుతున్నది ఏ వైపు నుంచి? ఏ కంపెనీ నెట్ మీద నుంచి? ఆ వైపు ఉన్న మన సర్వర్లలో ఇప్పుడు తెరిపిన ఉన్నది ఏది? దాని చిరునామా చెప్పేస్తుంది. పేరు అదే. తణుకులో అడిగితే ఒక జవాబు. డల్లాస్‌లో ఉన్న వాళ్లన్నయ్య అడిగితే ఇంకో జవాబు. ఆ జవాబు కూడా కాసేపే చెల్లుతుంది. కొన్ని సీడీఎన్లలో అది పదుల సెకన్ల లెక్కే. ఈలోగా ఆ సర్వర్ పడిపోతే వెంటనే ఇంకోదాన్ని చూపించాలి కదా.

ఇంకో పద్ధతి కూడా ఉంది. నాకు ఇది మరీ వింతగా అనిపిస్తుంది. లోకంలో వందల నగరాల్లో ఉన్న సర్వర్లన్నీ ఒకే అంకెల చిరునామా పెట్టుకుంటాయి. ఈ చిరునామా నాదే అని ముంబయిలో ఒకటి చాటుతుంది. నాదే అని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇంకొకటి చాటుతుంది. అబద్ధమేమీ కాదు, రెండూ నిజమే. దారిలో ఉన్న రూటర్లు తమకు ఏది దగ్గరి దారి అనిపిస్తే అటు పంపేస్తాయి. దీన్ని ఎనీకాస్ట్ అంటారు. క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ ఈ పద్ధతి మీద నడుస్తుంది. అకమాయ్ అనే కంపెనీ మొదటి నుంచీ డీఎన్ఎస్ పద్ధతిని నమ్ముకుంది.

ఇక్కడొక తిరకాసు ఉంది. దగ్గర అంటే బస్సు టిక్కెట్టు లెక్కన దగ్గర కాదు. తీగ లెక్కన దగ్గర. మీ నెట్ కంపెనీ తన ట్రాఫిక్‌ని చెన్నైలో అప్పగిస్తుంటే, మీరు ఖమ్మంలో ఉన్నా మీకు హైదరాబాదు కన్నా చెన్నై దగ్గర. ఒక్కోసారి సర్వర్ ఇక్కడే ఉన్నా, రెండు కంపెనీలకీ మధ్య సరైన లంకె లేక, కబురు సింగపూర్ దాకా పోయి వస్తుంది. దేశంలోని నెట్ కంపెనీలు ట్రాఫిక్‌ని దేశంలోనే ఇచ్చిపుచ్చుకోవాలని 2003లో నిక్సీ అనే సంస్థని పెట్టింది అందుకే. పక్కింటి నెట్‌లో చకచకా తెరుచుకునే సైటు మీ ఇంట్లో ఈడుస్తోందంటే తప్పు సైటుదే కానక్కర్లేదు. వాళ్ల కబురు ఒక దారిన పోతోంది, మీ కబురు ఇంకో దారిన పోతోంది.

సరే, తణుకు అమ్మాయి అభ్యర్థన ఎడ్జ్ సర్వర్ దగ్గరికి చేరింది. ఇప్పుడు మన రెండు ప్రశ్నలు. మీరు అడిగింది అందరికీ ఒకటేనా? దాని గడువు ఇంకా ఉందా?

ఈ ప్రశ్నలకు జవాబు ఎవరు చెబుతారు? మందు స్ట్రిప్పు వెనక గడువు తేదీ ఎవరు వేస్తారు? షాపాయన వెయ్యడు. కంపెనీ వేస్తుంది. ఇక్కడా అంతే. అసలు సర్వర్ తను ఇచ్చే ప్రతి జవాబుకీ ఒక చీటీ అంటించి పంపుతుంది. ఆ చీటీ పేరు క్యాష్ కంట్రోల్. ఈ లోగో ఏడాది పాటు అట్టేపెట్టుకోండి. ఈ ముఖ్యాంశాల పేజీ 60 సెకన్లే. ఈ బ్యాంకు ఖాతా పేజీ అసలు దాచొద్దు. ఇలా ఉంటాయి దాని మీద రాతలు. ఎడ్జ్ సర్వర్ సొంత తెలివి వాడదు. సైటు యజమాని వేరే ఆదేశం ఇస్తే తప్ప చీటీలో ఉన్నదే చేస్తుంది.

60 సెకన్లంటే తక్కువ అనుకోకండి. ఆ ముఖ్యాంశాల పేజీని ఒక నిమిషంలో ఒకే ఎడ్జ్ దగ్గర లక్ష మంది అడిగారనుకోండి. అసలు సర్వర్ దాకా వెళ్లేది ఒక్క అభ్యర్థన. మిగతా 99 వేల 999 మందికీ అర నుంచే ఇచ్చేస్తారు. ఒక్క నిమిషం పాతబడిన వార్త చదివితే వాళ్లకు పోయేదేమీ లేదు. సర్వరుకి మాత్రం ప్రాణం నిలబడుతుంది.

గడువు అయిపోతే? మెడికల్ షాపు పోలిక ఈ ఒక్క చోట నిలబడదు. గడువు దాటిన మందు అమ్మితే నేరం. ఎడ్జ్ సర్వర్ మాత్రం గడువు దాటిన కాపీని వెంటనే పారెయ్యదు. నా దగ్గర ఈ గుర్తున్న కాపీ ఉంది, మీరేమైనా మార్చారా అని అసలు సర్వర్ని అడుగుతుంది. మార్చలేదు అని ఒక్క ముక్క జవాబు వస్తుంది. దాని అంకె 304. వస్తువుని మళ్లీ మొయ్యక్కర్లేదు. పాత కాపీకే కొత్త గడువు పడుతుంది. ఇంకా వింత ఏమిటంటే, అసలు సర్వర్ పడిపోయినప్పుడు పాత కాపీనే ఇవ్వమని కూడా యజమాని ముందే రాసిపెట్టుకోవచ్చు. పాత వార్తైనా నయమే, ఏమీ రాకపోవడం కన్నా.

మరి గడువు తీరకముందే మార్చాల్సి వస్తే? వార్తలో తప్పు దొర్లింది. ధర తప్పుగా పడింది. అప్పుడు రెండు దారులు. ఒకటి, అన్ని షాపులకూ కబురు పెట్టి ఫలానా సరుకు అరల్లోంచి తీసెయ్యండి అనడం. దీన్ని పర్జ్ అంటారు. రెండోది నాకు నచ్చిన దారి. బ్యాచ్ నంబరు మార్చెయ్యడం. ఫైలు పేరులోనే ఒక నంబరు కలుపుతారు. లోగో మార్చినప్పుడల్లా పేరూ మారుతుంది. పాతది ఎన్ని అరల్లో ఉన్నా ఫర్వాలేదు, దాన్ని ఇక ఎవరూ అడగరు.

ఈ ఏర్పాటు మొదట ఎవరికి తట్టింది? వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1995 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీలో పనిచేస్తున్నాడు. జనం పెరిగితే వెబ్ ఊపిరాడక ఆగిపోతుందని, దీనికి ఏదైనా కొత్త ఉపాయం కావాలని తోటివాళ్లతో అన్నాడు. అక్కడే గణితం చెప్పే టామ్ లేటన్ ఆ మాట పట్టించుకున్నాడు. ఆయన విద్యార్థి డేనియల్ లూయిన్ జత కలిశాడు. వాళ్ల ముందున్న చిక్కు ఇది. వంద కంప్యూటర్లు ఉన్నాయి. ఏ వస్తువు ఏ కంప్యూటర్లో పెట్టాలి? ఒకటి చెడిపోతే అన్నింటినీ మళ్లీ సర్దకుండా ఎలా నెట్టుకురావాలి? 1997లో వాళ్లు మరికొందరితో కలిసి రాసిన పరిశోధన పత్రం దీనికి లెక్క చెప్పింది. ఒక యంత్రం పోతే దాని వాటా ఒక్కటే మిగతావాటికి సర్దుబాటవుతుంది. తక్కినవి కదలవు. 1998లో ఇద్దరూ కలిసి అకమాయ్ కంపెనీ పెట్టారు. మూడేళ్లకే, 2001 సెప్టెంబరు 11న, ఉగ్రవాదులు హైజాక్ చేసి న్యూయార్క్ భవనాల మీదికి తోలిన మొదటి విమానంలో లూయిన్ చనిపోయాడు. ఆయనకు అప్పటికి 31 ఏళ్లు. ఆ రోజు వార్తల కోసం లోకమంతా వెబ్‌సైట్ల మీద పడింది. ఆ రద్దీని మోసిన వాటిలో ఆయన పెట్టిన కంపెనీ సర్వర్లూ ఉన్నాయి.

ఇక మనకు బాగా తెలిసిన చోటికి వద్దాం. క్రికెట్. 2019 జూలై 10. మాంచెస్టర్. ప్రపంచకప్పు సెమీఫైనల్, న్యూజిలాండ్‌తో. ధోనీ క్రీజులో ఉన్నాడు. హాట్‌స్టార్‌లో ఒకేసారి చూస్తున్నవాళ్లు 2 కోట్ల 53 లక్షల మంది. నాలుగేళ్ల తర్వాత, 2023 నవంబరు 19న అహ్మదాబాద్ ఫైనల్ రోజు ఆ అంకె 5 కోట్ల 90 లక్షలకు చేరింది.

లైవ్ వీడియో ఆగకుండా సాగుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్క కొన్ని సెకన్లు. ప్రతి ముక్కా ఒక ఫైలు. తర్వాతి ముక్క ఇవ్వండి, తర్వాతి ముక్క ఇవ్వండి అని మీ ఫోను అడుగుతూనే ఉంటుంది. ముక్క తయారవ్వాలి, ఎడ్జ్‌కి చేరాలి, మీ ఫోను కొన్ని ముక్కలు ముందే పోగుచేసుకోవాలి. వీధిలో టీవీ చూస్తున్నవాళ్లు సిక్సర్ అని అరిచిన కాసేపటికి గాని మీ ఫోనులో బౌలర్ పరుగు మొదలవ్వకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మన ప్రశ్నలు వేద్దాం. ఆ ముక్క అందరికీ ఒకటేనా? ఒకటే. అనకాపల్లిలో చూసినా ఆదిలాబాద్‌లో చూసినా అదే బంతి, అదే షాటు. గడువు ఉందా? ఇప్పుడే పుట్టింది. కాబట్టి సీడీఎన్‌కి ఇంతకన్నా అనువైన సరుకు ఉండదు. చిక్కల్లా ఆ మొదటి క్షణంలోనే. ముక్క తయారైన మరుక్షణం వేల ఫోన్లు ఒకే ఎడ్జ్ మీద పడతాయి. సరుకు ఇంకా అరలోకి రాలేదు. వేల అభ్యర్థనల్నీ పైకి పంపితే కొంప మునుగుతుంది. అందుకని ఎడ్జ్ మొదటి అభ్యర్థనని మాత్రమే పైకి పంపుతుంది. మిగతా వాళ్లని ఒక్క క్షణం ఆపుతుంది. ముక్క రాగానే అందరికీ పంచేస్తుంది. పది మంది వచ్చి ఒకే మందు అడిగితే షాపాయన కుర్రాణ్ణి స్టాకిస్టు దగ్గరికి పది సార్లు తిప్పడు కదా.

అసలు ప్రమాదం మ్యాచ్ నడుస్తున్నప్పుడు కాదు. ఆ మాంచెస్టర్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ ఆటగాడు గప్టిల్ విసిరిన బంతికి ధోనీ రనౌటయ్యాడు. మనవాళ్ల ఆశ అక్కడితో పోయింది. లక్షల మంది ఒకేసారి వెనక్కి బటన్ నొక్కారు. వీడియో భారం దిగిపోయింది. కానీ వెనక్కి నొక్కితే ఎక్కడికి వస్తారు? హోమ్ పేజీకి. హోమ్ పేజీ అందరికీ ఒకటేనా? కాదు. మీరు సగంలో ఆపిన సీరియల్, మీకు నచ్చుతాయనుకున్న సినిమాలు, మీ ప్యాకేజీ సంగతి. ఒక్కొక్కరికీ విడిగా తయారుచెయ్యాలి. అంటే అభ్యర్థనలన్నీ ఎడ్జ్ దాటి అసలు సర్వర్ దాకా పోతాయి. ఆ పోటుకి ముందే సిద్ధపడాల్సి ఉంటుందని హాట్‌స్టార్ ఇంజినీర్లే తర్వాత సభల్లో వివరించారు. జనం రావడం ఓ పరీక్ష అయితే, జనం లేచిపోవడం ఇంకో పరీక్ష.

పరీక్ష అంటే గుర్తొచ్చింది. పదో తరగతి ఫలితాలు, ఇంటర్ ఫలితాలు. ఫలానా గంటకు విడుదల అంటారు. ఆ గంట కొట్టగానే సైటు తెరుచుకోదు. పిల్లలకు ముచ్చెమటలు పడతాయి. ఇక్కడ సీడీఎన్ పెడితే చాలు, అన్నీ సర్దుకుంటాయి అనేవాళ్లున్నారు. అంత తేలిక కాదు. మార్కుల చీటీ అందరికీ ఒకటి కాదు. ఒక్కో హాల్‌టికెట్ నంబరుకీ ఒక్కో చీటీ. దాన్ని అడిగేది ఆ పిల్లవాడూ, వాళ్ల నాన్నా, మేనమామా, మహా అయితే ట్యూషన్ మాస్టారూ. అరలో పెట్టి ఏం లాభం? దాదాపు ప్రతి చీటీకీ మొదటిసారి పైకి పోక తప్పదు.

అయినా చెయ్యగలిగింది ఒకటుంది. ఆ పేజీలో మార్కుల పట్టీ ఒక్కటే ఉండదు. పైన ప్రభుత్వ చిహ్నం, పక్కన మంత్రిగారి ఫొటో, ఫాంటు, రంగుల ఫైలు, మెనూ. ఇవన్నీ అందరికీ ఒకటే. వాటిని ఎడ్జ్‌కి అప్పగిస్తే అసలు సర్వర్ మీద మార్కుల బరువు ఒక్కటే మిగులుతుంది. ఇంకో మెట్టు ఎక్కొచ్చు. ఫలితాలు ఆ వారంలో ఎవరికోసమూ మారవు. అడిగినప్పుడల్లా డేటాబేసులో వెతికి పేజీ కూర్చే బదులు, ముందురోజు రాత్రే ఒక్కో నంబరుకీ ఒక చిన్న ఫైలు చేసి తాళం వేసి ఉంచి, చెప్పిన గంటకు తాళం తీస్తే చాలు. తయారుగా ఉన్న ఫైలు తీసి ఇవ్వడం సర్వరుకి చాలా తేలిక. ఇందులో పెద్ద ఖర్చు లేదు. కాస్త ముందుచూపు కావాలి, అంతే.

మళ్లీ క్యాష్ కంట్రోల్ చీటీ సంగతికి వద్దాం. దాన్ని తప్పుగా అంటిస్తే ఏమవుతుంది? 2015 క్రిస్మస్ రోజు స్టీమ్ అనే వీడియో గేముల ఆన్‌లైన్ దుకాణంలో జరిగింది చూడండి. ఆ రోజు సైటు మీద దాడి జరుగుతోంది. తట్టుకోవడానికి కాపీలు దాచే నియమాల్ని హడావిడిగా మార్చారు. ఆ మార్పులో పొరపాటు దొర్లింది. లాగిన్ అయిన వాళ్ల సొంత పేజీలు కూడా అరల్లోకి ఎక్కాయి. ఒకరు తన ఖాతా తెరిస్తే ఇంకొకరి ఖాతా కనిపించింది. ఇంటి చిరునామాలు, ఈమెయిళ్లు, కార్డు నంబరులోని చివరి రెండు అంకెలు. సుమారు 34 వేల మంది వివరాలు అలా బయటివాళ్ల కంట పడి ఉండొచ్చని ఆ దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ చెప్పింది. పూర్తి కార్డు నంబర్లు, పాస్‌వర్డులు బయటికి రాలేదు. అంతవరకు నయం. ఎవరో తాళం పగలగొట్టి తీసుకుపోయింది కాదిది. అందరికీ ఒకటేనా అన్న ప్రశ్నకి, కాదు అనాల్సిన చోట అవును అన్నారు. అంతే జరిగింది.

షాపుల గొలుసే మూతపడితే ఇంకో గొడవ. 2021 జూన్ 8న ఫాస్ట్‌లీ అనే సీడీఎన్‌లో పెద్ద భాగం పనిచెయ్యడం మానేసింది. ఒక ఖాతాదారు తన సెట్టింగు మార్చుకున్నాడు. అతను చేసింది తప్పేమీ కాదు. నెల రోజుల కిందట సాఫ్ట్‌వేర్లో చేరిన ఒక లోపం ఆ మార్పుతో నిద్రలేచింది. గార్డియన్, న్యూయార్క్ టైమ్స్, బ్రిటిష్ ప్రభుత్వ సైటు, ఇంకా ఎన్నో ఒకేసారి తెల్లమొహం వేశాయి. ఆ సంస్థల సర్వర్లన్నీ బాగానే ఉన్నాయి. మధ్యలో ఉన్న ఒక్క కంపెనీ పడితే ఇందరు పడ్డారు. గంటలోపే చాలావరకు సర్దుకుంది. ఇంత లోకం ఇంత కొద్ది కంపెనీల మీద ఆనుకుని ఉండడం నాకైతే మంచిదనిపించదు. పెద్ద సైట్లు ఇప్పుడు ఒకటికి రెండు సీడీఎన్లు పెట్టుకుంటున్నాయి. చిన్నవాళ్లకు ఆ స్తోమత ఉండదు.

మనకు కాపీలు దగ్గర ఉండడం వేగం కోసమే కాదు. 2008 జనవరి చివర్లో ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రపు కేబుళ్లు తెగి మన దేశంలో నెట్ కుంటుపడింది. అలాంటప్పుడు కాపీ ఇక్కడే ఉన్న వీడియో ఎప్పటిలాగే నడుస్తుంది, సముద్రం దాటాల్సిన పేజీ నిలిచిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ అయితే తన సినిమాలు నింపిన పెట్టెల్ని నెట్ కంపెనీల భవనాల్లోనే పెట్టిస్తుంది. రద్దీ తగ్గిన వేళ వాటిలో కొత్త సినిమాలు నింపుతుంది. దేశానికి వచ్చే సముద్రపు కేబుళ్లలో ఎక్కువ భాగం ముంబయి, చెన్నై తీరాల్లోనే ఒడ్డెక్కుతున్నాయి. విశాఖలో పెద్ద డేటా సెంటరుతో పాటు కేబుళ్లు ఒడ్డెక్కే కేంద్రం కూడా కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అది పూర్తయితే తూర్పు తీరాన ఇంకో ద్వారం తెరుచుకుంటుంది.

మీలో కొందరు ఓ చిన్న వ్యాపారానికో, స్కూలుకో వెబ్‌సైటు నడుపుతుండొచ్చు. కొన్ని సీడీఎన్లు చిన్న సైట్లకు ఉచితంగానే పనిచేస్తాయి. పెట్టుకునేటప్పుడు మీ సైట్లో ఒక్కో రకం పేజీనీ తీసుకుని మన రెండు ప్రశ్నలూ వెయ్యండి. ఫొటోలు అందరికీ ఒకటే, ఎప్పుడో గాని మారవు. పెద్ద గడువు ఇవ్వండి, పేరులో నంబరు కలపండి. నోటీసు బోర్డు అందరికీ ఒకటే, కానీ తరచు మారుతుంది. చిన్న గడువు ఇవ్వండి. ఫీజు బకాయిల పేజీ ఒక్కొక్కరికీ వేరు. దాని మీద దాచొద్దు అని స్పష్టంగా రాయండి. ఏమీ రాయకుండా మాత్రం వదలకండి. చీటీ లేని సరుకుని ఎన్నాళ్లు ఉంచాలో షాపాయన ఊహించాల్సి వస్తుంది.

చూసేవాళ్లకు ఒక మాట. సైట్లో పాత నోటీసే కనిపిస్తోందని మీరు ఫోన్ చేస్తే క్యాష్, అంటే దాచిన కాపీలు, క్లియర్ చెయ్యండి అంటారు. చేస్తే పోయేది మీ ఫోనులోని కాపీ ఒక్కటే. ఎడ్జ్ సర్వర్లో ఉన్న పాత కాపీ చెక్కుచెదరదు. దాన్ని తీయించాల్సింది సైటు వాళ్లే. కాబట్టి క్లియర్ చేశాక కూడా పాతదే వస్తే, మా వైపు కాదు, మీ వైపే చూసుకోండి అని మొహమాటపడకుండా చెప్పండి.

ఇంకొకటి. క్లౌడ్‌ఫ్లేర్ వాడే సైట్లలో తేడా వచ్చినప్పుడు ఒక పేజీ కనిపిస్తుంది. 520 నుంచి మొదలయ్యే అంకెలేవో ఉంటాయి దాని మీద. కంగారుపడి మూసెయ్యకండి. అందులో వరసగా మూడు బొమ్మలుంటాయి. మొదటిది మీ బ్రౌజర్. రెండోది ఎడ్జ్ సర్వర్, దాని దగ్గర ఊరి పేరు రాసి ఉంటుంది. హైదరాబాద్ అనో, చెన్నై అనో, ముంబయి అనో. మీ అభ్యర్థన ఏ ఊరి షాపుకి వెళ్లిందో అక్కడే తెలిసిపోతుంది. మూడోది అసలు సర్వర్. ఎర్ర గుర్తు మూడో బొమ్మ మీద ఉంటే మీ వైఫై ఆపి మళ్లీ పెట్టడం వల్లా, ఫోను రీస్టార్ట్ చెయ్యడం వల్లా ఉపయోగం లేదు. కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి. ఈలోగా మళ్లీ మళ్లీ రిఫ్రెష్ నొక్కకండి. అరలో ఆ సరుకు లేదు. మీరు నొక్కిన ప్రతిసారీ అభ్యర్థన నేరుగా ఆ పడిపోయిన సర్వర్ మీదికే వెళ్తుంది.